పెద్దాయనకు స్నానం

షామ్‌బర్గ్
ఏప్రిల్ 6

వదినకు నమస్కారాలు.

ఫోన్‌లో నా చెవులతో వేగలేక మీరు రెండు మాటలకే పెట్టేస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. "అమ్మకి పేపర్ మీద రాసి పోస్ట్ చెయ్యి అత్తా, అదైతే చదువుతుంది" అని రచన కూడా అంది. కూతురి దగ్గర కాస్త తేరుకున్నారా? బాతెల్‌లో వానలు తగ్గాయా?

మ్యూజియం వాళ్లు వచ్చి వెళ్లారు. అన్నయ్య పాపువా న్యూ గినీలో పనిచేసిన రోజుల్లో తెచ్చిన చెక్కబొమ్మలు, డాళ్లు, ముసుగులు అన్నీ తీసుకుంటారట. ఒక గదికి డాక్టర్ దక్షిణామూర్తి అని పేరు కూడా పెడతారట. అన్నయ్య పోయి ఏడాది తిరగకుండానే ఈ మాట విన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ప్యాకింగ్ దగ్గరుండి చేయిస్తున్నాను.

పని పెద్దాయన దగ్గర ఆగింది. హాల్లో గాజు బీరువాలో ఉన్న తలను మీరు పుర్రె అంటారు గానీ అన్నయ్య పెద్దాయన అనేవాడు, నాకూ అదే నోటికి అలవాటైంది. మ్యూజియంలో ఫెలోషిప్ మీద స్టీవెన్ అనే అతను ఉన్నాడట. అక్కడ సెపిక్ నది ఒడ్డున, పెద్దాయన వచ్చిన ఊరివాడే. వాళ్లు చెప్పిన మర్నాడే నాకు ఫోన్ చేశాడు. అది మా తాత తల అంటాడు.

వాళ్లలో పెద్దవాళ్లు పోతే కొన్నాళ్లకు తల ఎముకను బయటికి తీసి, శుభ్రం చేసి, దాని మీద మట్టితో ముఖాన్ని మళ్లీ చేస్తారట. ముక్కు, చెంపలు, పెదవులు బతికున్నప్పుడు ఎలా ఉండేవో అలాగే. కళ్లకు గవ్వలు, తలకు వెంట్రుకలు, ముఖం నిండా రంగు సుడులు. ఆ మనిషిని ఎరిగినవాళ్లు దగ్గరుంటేనే ముఖం చేయాలట. ఊళ్లో మగవాళ్లు కూర్చునే పెద్ద ఇంట్లో ఉంచి, పండుగకు బయటికి తెచ్చి, పలకరించి, తిండి పెడతారట. మన తద్దినం లాంటిదే అనిపించింది నాకు. కాకపోతే వాళ్లకు ఎదురుగా ముఖం ఉంటుంది.

స్టీవెన్ తండ్రి మంచం మీద ఉన్నాడు. పోయేలోగా ఒక్కసారి తన తండ్రి ముఖం చూడాలని ఆయన కోరిక. ఎడమ కంటి చుట్టూ తెల్ల సుడి, ఒక గవ్వ అంచు విరిగి ఉండటం, చెవి పక్కన మూడు గీతలు, ఇలా గుర్తులు చెప్పి కొడుకును పంపాడు. నేను వింటూనే బీరువా వైపు చూశాను. అన్నీ ఉన్నాయి వదినా. అన్నయ్య ఎవరినీ ఫొటో తీయనిచ్చేవాడు కాదు కదా, అందుకని ఫొటో పంపలేనన్నాను. నెలాఖరులో స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

ఇచ్చేద్దామా? అన్నయ్య నీడలో ఇన్నేళ్లు ఈ ఇంట్లో బతికాను గానీ, వస్తువు మీది. మీరు ఊ అంటే చాలు.

మీ ఆడపడుచు
హైమవతి


బాతెల్
ఏప్రిల్ 11

చిరంజీవి హైమవతికి,

నీ ఉత్తరం అందింది. నేను తేరుకోవడానికి ఏముంది, నాకేం జబ్బు చేయలేదు, మొగుడు పోయాడు అంతే.

గది మాట నీకు చెప్పినవాళ్లు మిగతా సగం నాకు చెప్పారు. ఆ సామానులో ఏ ఒక్కటైనా బలవంతంగా తెచ్చిందని తేలితే గది లేదు, పేరూ లేదు. నువ్వేమో ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోన్‌లో "అన్నీ ఉన్నాయి" అని అప్పుడే చెప్పేసి ఉంటావు. నీ జాలి ఎప్పుడూ ఇతరుల ఖర్చు మీదే నడుస్తుంది.

సరే, పంపాలని నీకంతగా ఉంటే పంపుదాం. కానీ ఎలా పంపుతావు? దాని మీద ఎన్నేళ్ల దుమ్ము, మీ అన్నయ్య సిగరెట్ల పొగ. పైగా అదే హాల్లో ఆయన ప్రాణం పోయింది, ఆ మైల దానికీ ఉంది. మన ఇంట్లోంచి ఒక పెద్దమనిషి ఆఖరి ప్రయాణం కడుతుంటే స్నానం చేయించకుండా గుమ్మం దాటిస్తామా? సోమవారం శివుడికి చేస్తావే అభిషేకం, అలా చేయి. పాలు, పెరుగు, తేనె, పసుపు నీళ్లు. పైపైన చల్లి ఊరుకోవద్దు. పెద్ద ఇత్తడి పళ్లెంలో కూర్చోబెట్టి నిండా పొయ్యి. తర్వాత కాసేపు ఆ నీళ్లలోనే ఉండనీ. ఆ మనిషి రాకముందే ఇదంతా అయిపోవాలి.

నీ చేత్తోనే చేయి. నన్ను ఆయన ఏనాడూ దాన్ని ముట్టుకోనివ్వలేదు. నువ్వైతే రోజూ దుమ్ము తుడిచేదానివి.

ప్రమోద


షామ్‌బర్గ్
ఏప్రిల్ 28

వదినా,

మీరు చెప్పినట్టే చేశాను.

తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, పెద్దాయన్ని పళ్లెంలో పెట్టి ముందు పాలు పోశాను. పాలు ఎర్రగా కారాయి. ఎన్నాళ్ల దుమ్మో అనుకున్నాను. మంత్రం చదువుతూ పెరుగు, తేనె, నీళ్లు పోసి, కాసేపు ఉండనిచ్చి, పెరట్లో పూలు కోయడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ముక్కు లేదు. ఒక గవ్వ పళ్లెం అడుగున ఉంది. కంగారుగా చెంప పట్టుకుని పైకి లేపబోతే ఆ చెంప నా చేతిలోకి వచ్చేసింది. పళ్లెం నిండా బురద, మధ్యలో తెల్లటి ఎముక.

స్టీవెన్ వచ్చాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. పళ్లెం చూసి చెప్పులు విప్పి కింద కూర్చున్నాడు. వేళ్లతో బురదనంతా దగ్గరికి తీసి నా స్టీలు గిన్నెలోకి ఎత్తాడు. అందులో నానిన వెంట్రుకల్ని విడిగా రుమాలులో పెట్టుకున్నాడు. "ఎందుకు చేశారు?" అని ఒక్క మాటే అడిగాడు. మా పద్ధతిలో ఇది గౌరవం అన్నాను. నా మాట నాకే అసహ్యమేసింది. మీ పేరు చెప్పలేదు.

తర్వాత అతను ఒక సంగతి చెప్పాడు. వాళ్లమ్మకు పురుడు అడ్డం తిరిగితే తండ్రి పడవలో వేసుకుని అన్నయ్య ఉన్న ఆసుపత్రికి తెచ్చాడట. అన్నయ్య అంతకుముందే వాళ్ల ఊళ్లో ఆ తల చూసి ఉన్నాడు. "అది తీసుకురా, అప్పుడు ఆపరేషన్ చేస్తాను" అన్నాడట. తండ్రి వెనక్కి వెళ్లి, పెద్దల్ని అడగకుండా, తన తండ్రి తలను గోనెలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. అప్పుడు పుట్టినవాడే ఈ స్టీవెన్. కొడుకు కోసం తండ్రిని అమ్ముకున్నాడని ఊరు ఆయన్ని ఆ పెద్ద ఇంట్లోకి మళ్లీ రానివ్వలేదట. బయట అరుగు మీద కూర్చునే ముసలివాడైపోయాడు. ఇప్పుడు తల తిరిగొస్తే లోపలికి రానిస్తారట.

అన్నయ్య అలా అంటాడా వదినా? మీరు అప్పుడు అక్కడే ఉన్నారు. అబద్ధమని ఒక్క మాట రాయండి. అది పట్టుకుని నిద్రపోతాను.

హైమవతి


బాతెల్
మే 4

హైమవతికి,

అబద్ధం కాదు.

నేను ఆ ఆపరేషన్ గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆ పిల్ల అరిచి అరిచి గొంతు పోయి ఊరుకుంది. మీ అన్నయ్య చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, కిటికీలోంచి నది వైపు చూశాడు, మళ్లీ కడుక్కున్నాడు. పడవ వచ్చింది. గోనె విప్పి చూసుకున్నాడు. అప్పుడు కత్తి పట్టాడు. తల్లీ బతికింది, బిడ్డా బతికాడు. ఫీజు తీసుకోని డాక్టరును నువ్వు షామ్‌బర్గ్‌లో ఎవరినైనా చూశావా? మన తెలుగువాళ్ల మీటింగుల్లో ఆయనకు శాలువాలు కప్పినవాళ్లకు ఈ కథ చెప్పు, విని బిర్యానీ తినడం ఆపరు.

ఇక స్నానం సంగతి. నువ్వు హాస్పిటల్ ల్యాబులో పాతికేళ్లు పనిచేసి రిటైరైనదానివి. కాల్చని మట్టి నీళ్లలో కరుగుతుందని నీకు తెలియదా? పాలు ఎర్రగా కారినప్పుడు దుమ్మనుకున్నావా? తెలిసే పోశావు హైమా. అన్నయ్య పేరు నాకంటే నీకే ఎక్కువ కావాలి. నా ఉత్తరం చేతిలో ఉంది కాబట్టి పాపం నాది, పట్టుచీర నీది.

గుర్తులు పోయాయి. అతను ఎన్ని చెప్పినా ఇక మ్యూజియం వాళ్లు ఏదీ తేల్చలేరు. అది చాలు నాకు. ఏడవాలనుంటే ఏడువు, నన్ను కూడా కూర్చుని ఏడవమనకు.

ప్రమోద


షామ్‌బర్గ్
మే 19

వదినా,

మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి, తెలిసే పోశానా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. లేదని చెప్పుకోలేకపోతున్నాను. మీరు కోరుకున్నది అదే అయితే, జరిగింది.

స్టీవెన్ మళ్లీ వచ్చాడు. కోప్పడితే బాగుండేది. ముఖాన్ని ఇక్కడే మళ్లీ చేస్తానన్నాడు. మట్టి పని మేనమామల దగ్గర నేర్చుకున్నాడట. తాతను ఎరిగినవాళ్లలో మిగిలింది తండ్రి ఒక్కడే. ఆయన అన్నం ముద్ద కూడా ఎత్తుకోలేడు, మాట కూడా తడబడుతోంది, ఫోన్‌లో అడిగితే ఏడుస్తాడు. "మీరు ఇరవై ఏళ్లు చూశారు కదా, మీరు చెప్పండి, నేను చేస్తాను. మనిషి ముఖాన్ని చూసినవాళ్లు పక్కనుంటే చాలు, పద్ధతి తప్పదు" అన్నాడు.

సుడులు, గీతలు, గవ్వలు చెప్పగలను. ముఖం చెప్పలేను. తుడిచినన్నాళ్లూ ఆయన నన్నే చూస్తున్నట్టుండి తల దించుకుని తుడిచేదాన్ని. ముక్కు ఎలా ఉండేదో, పెదవులు ఎలా ఉండేవో ఎంత తలుచుకున్నా రావడం లేదు. మీ కాపురం మొదట్లో అది మీ పడగ్గదిలోనే ఉండేదని అన్నయ్య అనేవాడు. మీకు గుర్తుంటుంది. దయచేసి రాయండి. అతను జూన్ చివర్లో వెళ్లిపోతాడు. వాళ్ల నాన్న అంతవరకైనా ఉంటాడో లేదో తెలియదు.

హైమవతి


బాతెల్
మే 24

హైమవతికి,

గుర్తుంది. రాస్తాను. ముందు నువ్వు మ్యూజియానికి రాయి. ఆ తలను వాళ్ల ఊరివాళ్లు డాక్టరుగారికి ప్రేమగా ఇచ్చారనీ, ఇప్పుడు మన కుటుంబం అంతే ప్రేమగా తిరిగి ఇస్తోందనీ. పురుడు మాట ఎక్కడా రాకూడదు. స్టీవెన్ చేత కూడా సంతకం చేయించు. కాపీ నాకు చేరాక ముఖం చెబుతాను.

ప్రమోద


షామ్‌బర్గ్
మే 31

వదినా,

రాశాను. స్టీవెన్ చదివి, "మా నాన్నను కూడా ఇలాగే అడిగారు" అని సంతకం పెట్టాడు. కాపీ ఇందులో ఉంది.

చెప్పండి.

హైమవతి


బాతెల్
జూన్ 5

హైమవతికి,

ఇలా రాసుకో. నుదురు వెడల్పు, కనుబొమల మధ్య నిలువుగా రెండు ముడతలు. ముక్కు దూలం తిన్నగా వచ్చి కొస దగ్గర ఎడమకు కొంచెం తిరుగుతుంది. కుడి చెంప నిండుగా ఉంటుంది, ఎడమది తగ్గు. కింది పెదవి లావు, పైదాన్ని దాటి ముందుకు వస్తుంది. ఎప్పుడూ ఎవరినో తప్పు పట్టబోతున్నట్టు ఉంటుంది. గడ్డం మధ్యలో నొక్కు. నిద్రలో నోరు కొద్దిగా తెరుచుకుంటుంది, కుడివైపు. దవడ ఎముక చెవి కింద బాగా కనపడాలి.

ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ప్రమోద


షామ్‌బర్గ్
జూన్ 29

వదినా,

స్టీవెన్ ఇవాళ ఫ్లైట్ ఎక్కాడు. పెద్దాయన్ని ఒళ్లో పెట్టుకునే తీసుకెళ్తానన్నాడు.

గరాజ్‌లో బల్ల వేసుకుని చేశాడు. గిన్నెలో ఎత్తిపెట్టిన ఆ మట్టినే నూనె కలిపి పిసికాడు. మీ కాగితం పట్టుకుని పక్కన కూర్చుని నేను చదవడం, అతను వేళ్లతో దిద్దడం. ముక్కు అయింది, చెంపలు అయ్యాయి, పెదవి ముందుకు తెచ్చాడు. నాకు తెలిసిన ముఖంలాగే అనిపిస్తుంటే, పెద్దాయన ముఖం గుర్తుకొస్తోంది కాబోలు అనుకుని సంతోషపడ్డాను. రంగు సుడులు వేశాడు. ఆఖరున గవ్వలు పెట్టి నా వైపు తిప్పాడు.

అన్నయ్య. ఆ సుడుల కింద నుంచి అన్నయ్య నన్ను చూస్తున్నాడు.

నిద్రలో నోరు కుడివైపు తెరుచుకుంటుందని రాశారు. మట్టి తల నిద్రపోతుందా వదినా? ఆ మాట దగ్గరే నేను ఆగవలసింది. స్టీవెన్ అన్నయ్యను ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఫొటోలన్నీ నేను ఎప్పుడో పెట్టెల్లో సర్దేశాను. "ఇదేనా?" అని అడిగాడు. నా నోటి వెంట "ఇదే" అని వచ్చింది. ఏడాది తర్వాత అన్నయ్య ముఖం చూశాను. చెరిపేయమని ఎలా అనను?

కావాలనే రాశారా? నా మీద ఒట్టేసి చెప్పండి.

హైమవతి


బాతెల్
జూలై 8

హైమవతికి,

నీ మీద ఒట్టేసే చెబుతున్నాను, ఆ తలను నేను సరిగ్గా ఒక్కసారి కూడా చూడలేదు. పడగ్గదిలో ఉన్నన్నాళ్లూ దాని మీద తువ్వాలు వేసి పడుకునేదాన్ని. ఏదో ఒక ముఖం రాసి పంపితే సరిపోతుందనుకున్నాను. తప్పు ముఖమైతే ముసలాయన కాదంటాడు, తల మళ్లీ మ్యూజియానికే వస్తుంది, ఆ లెక్కతోనే కలం పట్టాను. రాస్తుంటే ముఖం దానంతట అదే వచ్చింది. అది ఎవరిదో రాసేటప్పుడు నాకూ తెలియలేదు. నాకు ముఖమంటే అదొక్కటే.

ఆయన ఆ పుర్రెతో పొద్దున్నే మాట్లాడేవాడు. తర్వాత నువ్వు వచ్చావు, నీతో మాట్లాడేవాడు. నేను కాఫీ ఇచ్చి వెళ్లిపోయేదాన్ని. నువ్వు ఆయన్ని మళ్లీ చూశావు, ఈసారి కూడా నువ్వే చూశావు. నాకు ఒళ్లు మండిపోతోంది.

బాగా వచ్చిందా? ఆయనలాగే ఉందా? అది రాయి. మిగతా ఏదీ రాయకు.

ప్రమోద


షామ్‌బర్గ్
సెప్టెంబర్ 2

వదినా,

బాగా వచ్చింది. అన్నయ్యలాగే ఉంది. అడిగారు కాబట్టి ముందు అదే రాశాను. మిగతాది కూడా చదవాలి మీరు.

స్టీవెన్ ఫోన్ చేశాడు. ఊరంతా నది ఒడ్డుకు వచ్చి పెద్దాయన్ని దించుకున్నారట. తండ్రిని పడకతో సహా తెచ్చి ముందు పెట్టారు. ఆయన చాలాసేపు చూశాడట. కష్టం మీద చేయి చాచి ముక్కు తడిమాడు. తర్వాత "డాక్టర్" అన్నాడు.

ఊరివాళ్లకు అర్థం కాలేదు. ఆయనకు మాత్రం అర్థమైంది. "డాక్టర్ చచ్చిపోయాడా? బదులుగా డాక్టర్ తల ఇచ్చారా? సరే, బాగుంది. మా నాన్న ఏడీ?" అన్నాడట. ఇదే తాత, లోపల ఉన్నది తాతే, మట్టి ఒక్కటే వేరు అని స్టీవెన్ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాడు. "మా నాన్న ముఖం నాకు తెలియదా?" అని ఆ తలను కంటికి కనపడకుండా పక్కకు తీసేయించాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ లోపలికి ఎవరు వచ్చినా "మా నాన్నను తెచ్చారా?" అని అడిగేవాడట. చేయి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాడు ఆయన తండ్రి. అడుగుతూ అడుగుతూనే పోయాడు. తన తండ్రిని తిరిగి తేలేదు కాబట్టి ఆయన శవాన్ని కూడా పెద్ద ఇంట్లోకి రానివ్వలేదు.

స్టీవెన్ నన్ను అన్నయ్య ఫొటో అడిగాడు. పంపాను. చూశాక మళ్లీ ఫోన్ చేసి, "మీకు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను.

ఇప్పుడు ఆ తలను వాళ్లు లోపల పెట్టుకోలేరు, పరాయి ముఖం. పారేయలేరు, తమ ఎముక. చెరిపేస్తే బోడి ఎముక మిగులుతుంది, అసలు ముఖం తెలిసినవాళ్లు ఇక భూమ్మీద ఎవరూ లేరు. "ఈ ముఖం మీ వాళ్లది. చెరపమంటారా, ఉంచమంటారా, మీరే చెప్పండి" అని అడిగాడు. మనల్ని ఇంకా మర్యాదగా అడుగుతున్నాడు వదినా.

చెరిపేయమని చెబుదాం. బోడి ఎముకైనా వాళ్ల తాతగా లోపలికి వెళ్తాడు. నా ఒక్కదాని నోటితో ఆ మాట అనలేకపోతున్నాను. మీరు అన్నయ్య భార్య, మీరూ అనండి. జీవితంలో మిమ్మల్ని ఇంకేమీ అడగను.

హైమవతి


బాతెల్
సెప్టెంబర్ 9

చిరంజీవి హైమవతికి,

గది ప్రారంభం అక్టోబర్ రెండో వారంలో పెట్టారు. గోడ మీద రాసే మాటలు నాకు పంపారు, చాలా బాగున్నాయి. తిరిగి ఇచ్చిన సంగతి కూడా వేశారు, నువ్వు రాసిన ఉత్తరంలోంచే రెండు వాక్యాలు తీసుకున్నారు. షామ్‌బర్గ్ వాళ్లందరూ వస్తున్నారట. నువ్వు ముందు వరుసలో నా పక్కనే కూర్చోవాలి. రచన నీకూ ఒక చీర తీసింది.

అక్కడి సంగతి. ఉంచమని చెప్పు. ముఖం బాగా వచ్చిందని నువ్వే రాశావు కదా.

ప్రమోద